తలలో గండి

ఫోను వచ్చింది తెల్లవారుజామున. ‘నాన్నకి తలలో గడ్డ కట్టిందంట’ అని మా పెదనాన్న కొడుకు, అన్నయ్య చెప్పింది ఆ ఒక్క ముక్కే. అరగంటలో ఆ ముక్క ముగ్గురి దగ్గర మూడు వేషాలు వేసింది. చిన్నత్త ‘గడ్డ’ అనగానే క్యాన్సర్ అనుకుని కూలబడిపోయింది. వాళ్ల ఆడబిడ్డ రొమ్ములో గడ్డతో పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా బావ మాత్రం ధైర్యం చెప్పాడు. ‘గడ్డే కదా! మా మేనేజరుకి గుండెలో గడ్డ కడితే ఇంజెక్షన్ ఇచ్చి కరిగించేశారు. ఇదీ అంతే’ అన్నాడు. విజయవాడ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ రెండూ కాదు. మెదడులో రక్తనాళం చిట్లి, బయటపడ్డ రక్తం అక్కడే పేరుకుని ముద్ద కట్టిందని ఆయన ఉద్దేశం.

ఒకటే మాట, మూడు జబ్బులు. భాషలో ఉన్న వింత అని చెప్పుకుని నవ్వుకునేంత తేలికైన సంగతి కాదు. బావ చెప్పిన గడ్డకు ప్రాణం పోసే మందే డాక్టరు చెప్పిన గడ్డకు ప్రాణం తీస్తుంది.

ఆ పొరపాటు మా ఇంట్లో ఫోనుకంటే ముందే జరిగిపోయింది. దివిసీమలో మా ఊరు. రాత్రి భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచిన పెదనాన్న కుడిచేతిలోంచి కంచం జారింది. వంగి తీసుకోబోతే చెయ్యి వెళ్లలేదు. పెద్దమ్మ ‘ఏమైందండీ’ అంటే ఏదో అన్నాడు గానీ అది మాట కాలేదు. మూతి ఓ పక్కకు లాగేసింది. వాంతి చేసుకున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ పరుగున వచ్చి పట్టీ చుట్టి చూస్తే బీపీ 210/120. ‘తలలో గడ్డ కట్టుంటుందమ్మా, ముందు రక్తం పలచబడాలి’ అని రెండు ఆస్పిరిన్ మాత్రలు నలిపి నోట్లో వేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. అర్ధరాత్రి వచ్చిన మనిషి ఆయనొక్కడే. గుండెపోటుకు ఆస్పిరిన్ అని టీవీలో, వాట్సాప్‌లో అందరం చదివిన చదువే ఆయనా చదివాడు.

స్కాను తీసేదాకా ఎవరూ నోట్లో ఏ మాత్రా వేయకూడదని మాకు తెలిసింది మర్నాడు.

పూడికా? గండా?

పెదనాన్న ఇంటి పక్కాయన కాలవల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఆ వారమంతా ఆసుపత్రి వరండాలో మాకు తోడున్నది ఆయనే. న్యూరో సర్జన్ తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పింది మాలో ఎవరికీ ఎక్కలేదు గానీ ఆయనకు చటుక్కున ఎక్కింది. ‘అంటే డాక్టరుగారూ, కాలవ పూడుకుపోవడం కాదు, గట్టుకు గండి పడింది. అంతేనా అండీ?’ అన్నారు. డాక్టరు పెన్ను మూసి, ‘నేను ఇంక బొమ్మలు మానేసి ఇదే చెప్తానండీ’ అన్నాడు.

ఇంతకంటే బాగా చెప్పిన వైద్యగ్రంథం నాకు కనబడలేదు. కాలవలో గుర్రపుడెక్క, ఒండ్రు పేరుకుంటే దిగువ పొలానికి నీరందక చేను ఎండిపోతుంది. మెదడులో ఇది పూడిక రకం స్ట్రోకు. స్ట్రోకుల్లో ఎక్కువ భాగం ఇవే. గట్టు తెగితే నీరు పొలం మీద పడుతుంది. ఆ పొలం మునిగి పాడవుతుంది, నీరు దారి తప్పింది కాబట్టి దిగువ పొలమూ ఎండుతుంది. ఇది గండి రకం. వాటా తక్కువేగానీ పాశ్చాత్య దేశాలకంటే ఆసియాలో ఎక్కువ, ప్రాణాలు తీయడంలో ముందు వరుస. మెదడు లోపల రక్తస్రావమైనవాళ్లలో నూటికి 40 మంది దాకా నెల తిరక్కుండానే పోతారు.

పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. చెయ్యీ కాలూ పడిపోతాయి, మూతి వంకరపోతుంది, మాట ముద్దవుతుంది. వాంతి, భరించలేని తలనొప్పి, చూస్తుండగానే మగత కమ్మడం ఉంటే గండి అనుకోవచ్చు. అయినా చేయి తిరిగిన న్యూరాలజిస్టు కూడా స్కాను చూడకుండా పందెం కాయడు. పూడికైతే, మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. గండి పడ్డ మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే, తెగిన గట్టు దగ్గర గడ్డపలుగు పట్టుకుని నిలబడ్డట్టే.

ఈ రెంటినీ బతికున్న మనిషిలో విడమర్చి చూసే కన్ను మనకు వచ్చి నిండా అరవై ఏళ్లు కాలేదు. ఘంటసాల పాటలు మన ఇళ్లకు మోసుకొచ్చిన హెచ్‌ఎంవీ రికార్డులు గుర్తున్నాయిగా? ఆ కంపెనీ ఇంగ్లండు పెద్దమ్మ ఈఎంఐ. అందులో ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. తల చుట్టూ ఎక్స్‌రేను తిప్పి, వచ్చిన అంకెలను కంప్యూటరుకిచ్చి, పుర్రె తెరవకుండా మెదడును ముక్క కోసినట్టు చూపించే యంత్రాన్ని కట్టాడు. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగిని దాంట్లో పడుకోబెట్టారు. 1979లో నోబెల్ ఇచ్చారు. అదే సీటీ స్కాన్.

పెదనాన్న ఫిల్మును డాక్టరు లైటు పెట్టె మీద ఆనించినప్పుడు నేనక్కడే ఉన్నాను. మెదడంతా బూడిదరంగు. చుట్టూ పుర్రె తెల్లని ఉంగరంలా ఉంది. మధ్యలో, ఎడమపక్క, కోడిగుడ్డు సైజులో ఇంకో తెలుపు. ‘ఎముక తెల్లగా ఉండాలి, అది ఉంది. అక్కడ ఎముక లేదు కదండీ’ అన్నాడాయన. అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది. కొత్తగా కారిన రక్తం సీటీలో తెల్లగా కనిపిస్తుంది. పూడిక రకం మొదటి గంటల్లో అసలేమీ కనబడకపోవచ్చు. ‘స్కాన్ నార్మలే’ అంటే ‘గండి లేదు’ అని మాత్రమే అర్థం, ఇంటికి పొమ్మని కాదు.

చిట్లింది నరం కాదు

‘నరం చిట్లిపోయిందంట’ అనడం మనకు అలవాటు. సూది గుచ్చే నరమూ నరమే, తిమ్మిరెక్కే నరమూ నరమే, వీణ తీగలా బిగిసే నరమూ నరమే మనకి. ఇక్కడ చిట్లేది రక్తనాళం, అందులోనూ ధమని. మెదడు బరువు కిలోంబావు దాటి ఉంటుంది, ఒంట్లో రెండు శాతం. మొత్తం ప్రాణవాయువులో మాత్రం అయిదో వంతు అదే తాగేస్తుంది. అంత దాహానికి తగ్గట్టు మెడలోంచి నాలుగు పెద్ద కాలవలు పైకి వెళ్తాయి. వాటి కొమ్మల్లోంచి నిలువునా, మెల్లమెల్లగా సన్నబడకుండానే, వెంట్రుక మందాన కొన్ని బోదెలు మెదడు నడిమికి దూసుకుపోతాయి. పెద్ద కాలవ ఒత్తిడంతా నేరుగా ఆ బోదెల గోడ మీద పడుతుంది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు బీపీ ఎక్కువగా ఉంటే గోడ గట్టిపడి, పెళుసై, ఓ రోజు జారిపోతుంది. అందుకే బీపీ వల్ల పడే గండ్లు ఎక్కడపడితే అక్కడ పడవు. చేతులూ కాళ్లూ కదిపే తీగలన్నీ కట్టకట్టుకుని దిగే ఇరుకుసందు పక్కన, మెదడు కాండంలో, చిన్నమెదడులో పడతాయి. కోడిగుడ్డంత రక్తానికి సగం శరీరం పడిపోవడం అందుకే.

చిన్నమెదడులో పడ్డ గండి మరీ మోసకారి. చెయ్యీ పడిపోదు, మాటా పోదు. తల తిరుగుడు, వాంతులు, నిలబడితే తూలడం. ‘గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగు’ అని ఎన్ని ఇళ్లలో పడుకోబెట్టారో! సమయానికి చేరితే ఆపరేషన్‌తో బాగా బతికి బట్టకట్టేదీ ఈ రకమే.

గండి పడితే లస్కరు ముందేం చేస్తాడు? ఇసుకబస్తాలు తర్వాత. ముందు పైనున్న లాకులు దించి కాలవలో నీటి మట్టం తగ్గిస్తాడు. వైద్యులు ఈ పద్ధతికి గట్టి రుజువుతో వచ్చింది నిన్నమొన్ననే. రక్తస్రావమైన మొదటి కొన్ని గంటల్లోనే దాదాపు మూడోవంతు మందిలో ఆ ముద్ద ఇంకా పెరుగుతుంది. ఊళ్లో మాట తడబడిన మనిషి విజయవాడ చేరేసరికి కోమాలో ఉండటానికి కారణం అదే. భారత్ సహా పది దేశాల్లో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది ఇది: పై బీపీని గంటలోపు 140కి దించడం, షుగరు, జ్వరం అదుపులో పెట్టడం, రక్తం పలచన చేసే మందు వాడుతుంటే దాని ప్రభావాన్ని విరిచేయడం. ఈ పనులన్నీ కలిపి వెంటవెంటనే చేస్తే ఎక్కువ మంది బతుకుతున్నారు, బతికినవాళ్లు మెరుగ్గా ఉంటున్నారు. కొత్త మందేమీ లేదు. ఉన్నవాటిని గంటలో చేయడమే వైద్యం.

మా పెదనాన్నకు ఆ గంట ఎప్పుడో దాటిపోయింది. మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో సీటీ మిషను లేదు. ఆ సంగతి చెప్పడానికి వాళ్లకు రెండు గంటలు పట్టింది.

అధ్యక్షుడి బీపీ

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు దొరకని వైద్యం ఉంటుందా? 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ గుండె వైద్యుడు పరీక్షించేసరికి ఆయన బీపీ 186/108. గుండె అప్పటికే అలిసిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో యాల్టాలో చర్చిల్, స్టాలిన్‌లతో కూర్చుని ప్రపంచాన్ని పంచుకునేనాటికి అది ఇంకా ఎగబాకింది. వైట్‌హౌస్ పెద్ద డాక్టరు మాత్రం ఆయన ఆరోగ్యం భేషని పత్రికలకు చెబుతూనే ఉన్నాడు. 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రం వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఎదుట కూర్చుని బొమ్మ గీయించుకుంటూ, తల వెనకభాగం విపరీతంగా నొప్పిగా ఉందని చెప్పి ఒరిగిపోయాడు. డాక్టరు పట్టీ చుట్టేసరికి 300/190. కొద్ది గంటల్లో పోయాడు. వయసు 63.

ఆ రోజుల్లో బీపీని జబ్బుగా చూసినవాళ్లు తక్కువ. వయసు మీదపడి నాళాలు గట్టిపడితే రక్తాన్ని తోయడానికి ఆ ఒత్తిడి కావాల్సిందేనని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. దించడానికి చేతిలో సరైన మందూ లేదు. ఉప్పు తగ్గించు, సిగరెట్లు తగ్గించు, పడుకో అన్నారు. నాలుగేళ్లకు, 1949లో, బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. మన సర్పగంధి వేరు బీపీని దించుతోందని రోగుల లెక్కలతో చూపించాడు. 1952లో స్విట్జర్లాండు వాళ్లు ఆ వేరులోంచి రిసర్పిన్ తీశారు. ప్రపంచమంతా వాడిన తొలి బీపీ మందుల్లో అదొకటి. ఇప్పుడు దానికంటే మంచివి వచ్చాయి, మాత్ర రూపాయల్లో దొరుకుతుంది. రూజ్‌వెల్ట్‌కు లేనిది దివిసీమ రైతుకు ఉంది.

ఉండీ ఏం లాభం? పెదనాన్న మాత్రలు ఆపేసి ఎనిమిది నెలలైంది. ‘బీపీ నార్మల్‌కి వచ్చిందన్నారుగా, ఇంకెందుకు?’ అని ఆయన లెక్క. మాత్ర వేసుకుంటున్నాడు కాబట్టే నార్మల్‌లో ఉందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ‘ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదు’ అనే భయం మనవాళ్లలో మాత్రంత పాతది. పొద్దున్నే కాఫీ మొదలెట్టినప్పుడు ఎవరైనా అలా భయపడ్డారా? ఇక ఉప్పు. పెద్దలు రోజుకు 5 గ్రాములకు లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన దేశ సగటు 8 గ్రాములు. ఆవకాయ బద్ద లేకుండా ముద్ద దిగని, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ పక్కన పెట్టుకున్న కంచం ఆ సగటు దగ్గర ఆగుతుందని నేననుకోను. ఇది రాస్తున్నప్పుడు నా కంచంలోనూ మాగాయ ఉంది, దాచడం దేనికి?

2017 చివర్లో కేంద్రం అయిదు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన బీపీ అదుపు కార్యక్రమంలో తెలంగాణ ఉంది. అందులో గొప్ప విద్యేమీ లేదు. పీహెచ్‌సీకి వచ్చిన ప్రతి పెద్దమనిషికీ బీపీ చూడాలి, అందరికీ ఒకే వరస మందులు, ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు, రానివాళ్లకు ఫోను. ఆ ఫోను పెదనాన్నకు వచ్చి ఉంటే బావుండేది.

ఇందాక ఆలస్యం సంగతి వచ్చింది కాబట్టి స్టాలిన్‌ను వదలబుద్ధి కావట్లేదు. 1953 మార్చి 1న పగలంతా ఆయన గదిలోంచి అలికిడి లేకపోయినా, పిలవకుండా తలుపు తీస్తే ఏమవుతుందోనని కాపలావాళ్లు తీయలేదు. రాత్రి తీసి చూస్తే నేల మీద పడి ఉన్నాడు, మాట లేదు. డాక్టర్లు వచ్చింది మర్నాడు పొద్దున. 5న పోయాడు. మెదడులో రక్తస్రావం. ‘ఆసుపత్రికి పోదామంటే ఆయన అరుస్తారేమో’ అని మా పెద్దమ్మ కూడా గంటసేపు ఆగింది.

నో బోన్

న్యూరో వార్డులో మొదటి రోజు నన్ను నిలబెట్టేసింది ఒక కట్టు. పక్క మంచం మీద కుర్రాడి తలకు చుట్టిన తెల్ల గుడ్డ మీద నీలం మార్కరుతో పెద్ద అక్షరాల్లో ‘నో బోన్’ అని ఇంగ్లిషులో రాసి ఉంది. అక్కడ పుర్రె ఎముక లేదు, పొరపాటున ఆ పక్కకు తిప్పి పడుకోబెట్టొద్దని నర్సులకు హెచ్చరిక. మూడోరోజుకు పెదనాన్న తల మీద కూడా అవే అక్షరాలు.

పుర్రె పెట్టె లాంటిది, గోడలు సాగవు. లోపల రక్తం చేరినా, వాపు వచ్చినా ఒత్తిడి పెరిగి మెదడు దారి వెతుక్కుంటూ కిందికి, వెన్నుపాము రంధ్రం వైపు జారుతుంది. అక్కడే శ్వాస నడిపే కేంద్రం ఉంది. అది నొక్కుకుంటే ఆట ముగిసినట్టే. అందుకని ఒక పక్క పుర్రె పెచ్చును అరచేయంత కోసి తీసి, మెదడు ఉబ్బడానికి చోటిస్తారు. తీసిన ఎముకను ఏం చేస్తారు? మన దేశంలో చాలాచోట్ల రోగి పొట్ట మీద చర్మం కింద చిన్న సంచిలా చేసి అందులోనే దాస్తారు. సొంత ఒళ్లే ఫ్రిజ్. రెండు మూడు నెలలకు వాపు దిగాక తీసి మళ్లీ తలకు బిగిస్తారు. ‘ఎముక పొట్టలో ఉంది’ అని అన్నయ్య చెబితే పెద్దమ్మ నమ్మలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టించి చూపిస్తే, పలకలా తగిలింది. అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది.

ఆపరేషన్ అంటే గడ్డ తీసేస్తారు, అంతా సర్దుకుంటుంది అనుకుంటాం. 2005లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం మెదడు లోపలి రక్తపు ముద్దను పనిగట్టుకుని ముందే తీసినవాళ్లకూ, మందులతో చూసినవాళ్లకూ మొత్తమ్మీద పెద్ద తేడా కనబడలేదని చెప్పింది. లోతుగా ఉన్నదాన్ని అందుకోవడానికి మంచి మెదడును దాటి వెళ్లాలి. ఎవరికి కత్తి, ఎవరికి మందు అనేది చోటును బట్టి, సైజును బట్టి, స్పృహను బట్టి. ‘డబ్బు కోసం కోశారు’, ‘కోయకుండా చంపేశారు’, రెండు మాటలూ ఒకే వరండాలో విన్నాను.

గండ్లు ఇంకా ఉన్నాయి

మెదడు అడుగున ధమనులన్నీ కలిసే ఒక వలయం ఉంది. 1664లో థామస్ విల్లిస్ దాన్ని వర్ణించాడు, లండన్ సెయింట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ ఆ పుస్తకానికి బొమ్మలు గీశాడు. ఆ వలయం మలుపుల్లో కొందరికి నేరేడుపండులా బుడగ ఊరుతుంది. పగిలితే వచ్చే తలనొప్పికి పోలిక లేదు. తల మీద పిడుగు పడ్డట్టు, క్షణంలో, జీవితంలో ఎన్నడూ ఎరగనంత. దాని మెడకు క్లిప్పు వేసి బిగించడం 1937లో వాల్టర్ డాండీ మొదలుపెట్టాడు. ఇప్పుడు తొడ ధమనిలోంచి సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టతో బుడగను నింపేస్తున్నారు. తలనొప్పి తగ్గిందిలే అని ఊరుకుంటే రెండోసారి పగిలినప్పుడు బతికే అవకాశం తక్కువ.

ముసలివాళ్లది ఇంకో రకం. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పుర్రెకూ దానికీ మధ్య సిరలు సాగి ఉంటాయి. గుమ్మానికి తల తగిలినా ఒకటి తెగి, నెమ్మదిగా, వారాల తరబడి ఊరుతుంది. మతిమరుపు, మగత, నడకలో తూలు. ‘పెద్దతనం వచ్చింది’ అని సరిపెట్టుకుంటాం. ఎప్పుడు తల తగిలిందో వాళ్లకే గుర్తుండదు. తెలుగు మాట్లాడే కుటుంబంలో మైసూరులో పుట్టిన సద్గురు జగ్గీ వాసుదేవ్ 2024లో వారాల తరబడి తలనొప్పితోనే సభలు నడిపి, మార్చి 17న ఢిల్లీ అపోలోలో ఆపరేషన్ చేయించుకున్నది ఇలాంటి రక్తపు గడ్డకే. కోలుకున్నారు. మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీకి 2020 ఆగస్టు 10న మెదడులో గడ్డ తీశారు. ఆ నెలాఖరున కన్నుమూశారు. బైకు మీంచి పడ్డ కుర్రాడు లేచి, దుమ్ము దులుపుకుని, టీ తాగి, రెండు గంటల తర్వాత కుప్పకూలితే అది కణత ఎముక కింద ధమని తెగిన రకం. హెల్మెట్ అప్పుడు అద్దానికి వేలాడుతూ ఉంటుంది.

మన పొలాల్లో ఎక్కువగా చూసేది ఒకటుంది: రక్తపింజర కాటు. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని మింగేస్తుంది. చిగుళ్లలోంచి, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో రక్తం కారుతుంది. దీనికి ఊరి ఆసుపత్రిలో చేసే పరీక్ష ముచ్చటైనది. శుభ్రమైన పొడి గాజుగొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా జారితే విషం ఎక్కినట్టు. అక్కడ మాత్రం గడ్డ కడితే సంతోషం.

మెట్రోలో గుండె

2021 ఫిబ్రవరి 2న హైదరాబాద్ నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలు ఎక్కడా ఆగకుండా, 21 కిలోమీటర్లు అరగంటలోపు పరిగెత్తింది. అందులో ఒక పెట్టె, పెట్టెలో గుండె. అది నల్గొండ జిల్లా రైతుది. మెదడులో రక్తస్రావమై, జీవన్మృతుడని తేలిన మనిషి. ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. ఎల్బీనగర్ ఆసుపత్రిలో తీసిన గుండె జూబ్లీహిల్స్‌లో ఇంకొకరి ఛాతీలో కొట్టుకుంది.

మనవాళ్లు కోమానూ, బ్రెయిన్ డెడ్‌నూ ఒకటిగా మాట్లాడతారు. కోమాలోంచి మనిషి తిరిగి రావచ్చు. మెదడు కాండం చచ్చిపోతే రాడు. వెంటిలేటరు గాలి ఊదుతున్నంతసేపు గుండె కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, అంతే. 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు చేయాలి. ఆ ఆరు గంటలు బయట బెంచీ మీద కూర్చునే భార్యకు, కొడుక్కు ఏం చెబుతాం? మా వార్డులో ఒక కుటుంబం ఒప్పుకుంది, ఒక కుటుంబం ఒప్పుకోలేదు. ఇద్దరినీ చూశాను, ఎవరి మీదా తీర్పు చెప్పలేను.

మాట ఎటు పోయింది?

పెదనాన్నను ఇంటికి తెచ్చాక సలహాలు మొదలయ్యాయి. పావురం రక్తంతో రుద్దమన్నారు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారన్నారు. పక్షవాతమనే మాటలోనే ‘వాతం’ ఉంది కాబట్టి గాలి తగలకుండా పడుకోబెట్టమన్నారు. పెద్దమ్మకు నచ్చజెప్పడానికి నాకు మళ్లీ లస్కరుగారే అక్కరకొచ్చారు. ‘చెల్లెమ్మా, లైటు వెలగకపోతే బల్బు తుడుస్తావా? తెగింది స్తంభం దగ్గర’ అన్నారు. జబ్బు చేతిలో లేదు. అయినా చేతిని కదిలిస్తూ ఉండాల్సిందే, కీలు బిగుసుకోకుండా, మిగిలిన మెదడు ఆ పని నేర్చుకునేదాకా. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. మొదటి మూడు నెలల్లో వచ్చినంత కదలిక తర్వాత రాదని చెప్పాడు, తర్వాతా కొంత వస్తూనే ఉంటుందని కూడా.

కాలు వచ్చింది. కర్ర ఊతంతో నడుస్తాడు. చెయ్యి సగం. మాటే రాలేదు. ఎడమ మెదడు మాటకు ఇల్లు. అన్నీ అర్థమవుతాయి, నోటికి రావు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోకు రోగుల్ని పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన ఫలితం నన్ను చాలాకాలం వెంటాడింది. అవి పూడిక రకం కేసులు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో 40 శాతానికి ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఒకే భాషవాళ్లలో అలా ఉన్నది 20 శాతం లోపే. బయట ఉర్దూ, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిషు అంటూ రోజంతా గేర్లు మార్చే హైదరాబాదీ మెదడుకు అదే కసరత్తు అయినట్టుంది. మాట పడిపోవడం విషయంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా లేదు. ఎన్ని భాషలు వచ్చినా నోరు మూతపడే గండం ఒకటే.

పెదనాన్నకు వచ్చింది ఒక్క తెలుగే. అందులో ‘నీళ్లు’ అనే మాట కూడా ఇప్పుడు లేదు. అడగాలంటే గ్లాసు చూపిస్తాడు.

కిందటి సంక్రాంతికి ఊళ్లో రాయబారం నాటకం వేశారు. వయసులో ఆయన కృష్ణుడు కట్టినవాడే. కుర్చీ వేసి ముందు వరసలో కూర్చోబెట్టాం. హార్మోనియం శ్రుతి అందుకుంది, స్టేజీ మీద కృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలో నా పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. బొంగురుగా, కాస్త వెనకబడుతూ, కానీ ఒక్క అక్షరం తప్పకుండా. మెదడులో పాట, మాట ఉండే చోట మాత్రమే ఉండదని, కుడివైపు కూడా దానికి దారులున్నాయని డాక్టర్లు చెబుతారు. మాటలు పోయినవాళ్లు పాడటం వైద్యులకు కొత్త కాదు. నాకు కొత్త. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నాలుగు పాదాలూ పాడి, రాగం చివరిదాకా లాగి, వన్స్‌మోర్ అరుపుల మధ్య ఆగాడు. ఆయాసపడుతూ మావైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఎడమచెయ్యి ఎత్తి, గ్లాసు పట్టుకున్నట్టు వేళ్లు మడిచి చూపించాడు.